నిమిషానికి అరవై

గడియారాలాయన ముద్ద నమలడం నిమిషానికి సరిగ్గా అరవై సార్ల దగ్గర ఏనాడు స్థిరపడిందో చెప్పడానికి చరిత్ర తగిన ఆధారాలు మిగల్చలేదు. పెళ్లినాటికే స్థిరపడి ఉందని ఆయన భార్య వాదం. కాపురానికొచ్చిన మొదటి వారంలో ఎదురుగా కూచుని, ఏం మాట్లాడాలో తోచక లెక్కపెట్టానని, అరవై వచ్చిందని, మర్నాడు లెక్కపెడితే మళ్లీ అరవయ్యే వచ్చిందని, మూడో రోజున లెక్కపెట్టడం మానేసి తన భవిష్యత్తు గురించి ఆలోచించడం మొదలుపెట్టానని ఆవిడ సాక్ష్యం. అంతకు పూర్వయుగం సంగతి, అంటే పాలపళ్ల కాలం నాటి సంగతి, చెప్పగలిగిన ఒకే ఒక్క ప్రామాణికుడు ఆయన తండ్రి. ఆ తండ్రి కాలం చేశాడు. ప్రభుత్వాలు మారాయి, వీధిలో మట్టిరోడ్డు తారురోడ్డయింది, మళ్లీ మట్టిరోడ్డయింది. నమలడం మాత్రం అరవై దగ్గర అలాగే నిలిచి ఉంది.

కారణం కోసం ఊరంతా తిరగక్కర్లేదు. ఆయన కొట్టు ఎనిమిదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు. వీధి వైపు అద్దం, మిగిలిన మూడు గోడల మీదా నలభై ఒక్క గడియారాలు. పురిటిబిడ్డగా ఆయన్ని పడుకోబెట్టిన బుట్ట ఆ కొట్లో రిపేరు బల్ల కిందే ఉండేది. జోలపాట పాడేవాళ్లు నలభై ఒక్కరు, అందరిదీ ఒకటే పాట. వాళ్లందరికీ పెద్ద, ఎదురు గోడకి నిలబెట్టిన నిలువెత్తు లోలకం గడియారం. ఆయన తండ్రి తన చేతుల్తో చేసింది. దాన్ని ఇంటిల్లిపాదీ 'పెద్దాయన' అనేవారు. సెకనుకి ఒక్క దెబ్బ, నిమిషానికి అరవై. "ఈ గోడ మీద ఏ గడియారమూ అబద్ధం ఆడకూడదురా" అన్నది తండ్రి ఆఖరి మాట. జేబుల్లోకి ఫోన్లు ఇంకా రాని రోజులవి. వీధి వీధంతా అద్దంలోంచి పెద్దాయన మొహం చూసే కొట్లు తీసేది, కట్టేసేది.

ఇలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట యూనివర్సిటీలో సంగీతం చదవడానికి చేరాడు.

మొదట ఆయన అక్కడికి పోయింది చదువుకోడానికి కాదు. సంగీతం డిపార్ట్‌మెంటు వాళ్లు ఒక మెట్రోనోమ్ రిపేరుకి పంపారు. మెట్రోనోమ్ అంటే వాయించేవాళ్ల వేగం చెడకుండా టకటకలాడే చిన్న చెక్కపెట్టె. ఎంతకి పెడితే అంత వేగంతో కొడుతుంది. బాగుచేసి పట్టుకెళితే క్లాసు జరుగుతోంది. గుమ్మంలో నిలబడ్డాడు. నల్లబల్ల మీద రెండు వరసల స్వరాలు. దేని దారి దానిదేననీ, అయినా ఒకదాని పన్ను ఇంకోదాని సందులో పడాలనీ పాఠం చెబుతున్నావిడ అంటోంది. గడియారాలాయనకి ఒళ్లు ఝల్లుమంది. "ఇది పళ్లచక్రాల పనేగా! ముప్ఫయ్యేళ్లుగా నేను చేస్తున్నదిదేగా!" అనుకున్నాడు. ఆ కోర్సుకి వయసు పరిమితి లేదని తెలిశాక మనసు నిలవలేదు.

ఆయన భార్య ఎక్స్‌రే తీసే చోట పనిచేస్తుంది. లోపల ఏముందో చూడకుండా ఏదీ నమ్మని మనిషి.

"ఈ వయసులో పాటలేంటండీ?" అంది.

"పాటలు కాదు. పాట లోపల చక్రాలెలా తిరుగుతాయో అది."

"తిరిగేవి మనకి నలభై ఒకటి ఉన్నాయి. చాల్లేదా?"

చాల్లేదు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి కొట్టు అని ఏర్పాటు చేసుకున్నాడు. సిద్ధాంతం పేపర్లో తొంభై ఒకటి వచ్చాయి. క్లాసులో ఇరవయ్యేళ్ల పిల్లలు మొదట్లో "అంకుల్" అన్నవాళ్లు మార్కులు చూసి "బాబాయ్" అన్నారు. పరీక్షల ముందు నోట్సు అడగవలసి వచ్చే మనిషిని చుట్టరికం లేకుండా వదలకూడదు కదా. స్వరరచనలోనూ ఢోకా లేదు. చిన్నముల్లు ఒక స్వరం, పెద్దముల్లు ఒక స్వరంగా రెండు గొంతుల రచన ఒకటి చేసుకొచ్చాడు. పాఠం చెప్పే మేడం కాగితాలు తిరగేసి తిరగేసి, "చాలా బాగుందండీ. ఈ రెండు స్వరాలూ ఎక్కడ కలుస్తాయి?" అంది.

"అరవై అయిదు నిమిషాలకి కలుస్తాయి మేడం."

"ఏడు నిమిషాల్లో కలిపెయ్యండి."

గడియారం ముళ్లకి అది అన్యాయమని తోచినా, గురువుగారి మాట కాబట్టి కలిపేశాడు. ఆ డిపార్ట్‌మెంటులో ఒక పద్ధతుంది. కోర్సు మొత్తం పాసైన వాళ్ల రచనని ఏడాది చివర ఆర్కెస్ట్రా వాయిస్తుంది. ఒక్కసారే. ఆ ఏడు నిమిషాలూ ముప్ఫై వాద్యాల మీద ఒక్కసారి వినాలి. ఆయనకి బతుకులో ఇంకో కోరిక లేదు. ఉన్నా ఇదొచ్చాక దానికి చోటు లేదు.

అడ్డం పడింది మూడో పేపరు, ఆర్కెస్ట్రా నడపడం. వేదిక మీద నిలబడి, చిన్న పుల్ల పట్టుకుని, ముప్ఫై మందిని చేత్తో నడిపించాలి. పరీక్షకి ఇచ్చిన రచనలో మొదటి సగం నిదానం, నిమిషానికి అరవై. రెండో సగం పరుగు, నిమిషానికి నూట ముప్ఫై రెండు. మొదటిసారి పరీక్షలో గడియారాలాయన మొదటి సగం నడిపిన తీరు చూసి పరీక్షకులిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఇంత నిలకడ వాళ్లు జన్మలో ఎరగరు. రెండో సగం నూట ముప్ఫై రెండులోనే మొదలైంది. నాలుగో పేజీకి నూట ఇరవైకి దిగింది. ఆరో పేజీకి అరవై దగ్గర కాళ్లు చాపుకుని కూచుంది. ఆర్కెస్ట్రాలో అప్పుడున్నది మొదటేడు పిల్లలు. భయభక్తులున్నవాళ్లు. కళ్లార్పకుండా ఆయన చేతినే చూస్తూ, ఆయన ఎంత నెమ్మదిస్తే అంత నెమ్మదించారు. ఊపిరి రెండింతలకి పైగా లాగవలసి వచ్చి క్లారినెట్ కుర్రాడు నీలం రంగుకి తిరిగాడు. ఫెయిలు. మరుసటేడు మళ్లీ అదే పరీక్ష, అదే అరవై, ఈసారి ఐదో పేజీకే. మళ్లీ ఫెయిలు.

"మూడోసారి తప్పితే పేరు కొట్టేస్తారండీ," అంది మేడం. ఆయన కన్నా పదిహేనేళ్లు చిన్నది కాబట్టి తిట్టడానికి మొహమాటపడుతుంది. గురువు కాబట్టి తిట్టక తప్పదు. "మీ తొంభై ఒకటీ పోతాయి, మీ రచనా మూలపడుతుంది. మీకు సంగీతం రాకపోవడం కాదు ఇది. మీ ఒంట్లో ఏదో ఉంది. ఇంట్లో మెట్రోనోమ్ పెట్టుకుని సాధన చేస్తున్నారా?"

"చేస్తున్నాను మేడం. అది నూట ముప్ఫై రెండు కొడుతుంటే నాకు జ్వరం వచ్చిన గడియారంలా వినిపిస్తుంది. చెయ్యి ఊరుకోదు. రెండుసార్లు విప్పి బాగుచేసేశాను కూడా."

మేడం చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"మీ కొట్లో అన్ని గడియారాలున్నాయి కదా. ఒక్కదాని వేగమైనా మార్చలేరా?"

ఆ మాట గడియారాలాయన చెవిలో జోరీగలా దూరింది. నలభై ఒక్క గొంతుల మధ్య చిన్న పెట్టె గొంతు ఎవరికి వినబడుతుంది? మార్చాలంటే పెద్దాయన్నే మార్చాలి. పెద్దాయన అరవై ఆరు కొడితే, దెబ్బకి రెండు చొప్పున నూట ముప్ఫై రెండు. లోలకం కర్ర జానెడుకు కాస్త తక్కువ కురచ చేస్తే చాలు, అరవై ఆరు కొడుతుంది. ముళ్లు మాత్రం గంటకి ఆరు నిమిషాలు ముందుకి పోతాయి. అంటే అబద్ధం ఆడుతుంది. తండ్రి ఫొటో వైపు ఒకసారి చూసి, దాన్ని గోడకి తిప్పి, మిగతా నలభైటినీ ఆపేసి, పెద్దాయనకి కురచ కర్ర తగిలించాడు. పరీక్షకి మూడు వారాలుంది.

క్లాసులు అయిపోవడంతో ఇప్పుడు పొద్దస్తమానం కొట్లోనే ఉంటున్నాడు. ఎనిమిదింటికి తలుపు తీయగానే ముళ్లు సరిచేసేవాడు. అక్కణ్ణుంచి పెద్దాయన పరుగు, బల్ల వెనక ఈయన పుల్ల ఊపుడు. నాలుగో రోజుకి చెయ్యి కొంచెం దారికొచ్చింది.

ఎదురుగా ఒక ప్రింటింగ్ ప్రెస్సుంది. పన్నెండు మంది పనివాళ్లు, ఒక ఓనరు. ఒంటిగంటకి భోజనం, అయిదింటికి సెలవు, రెండూ పెద్దాయన్ని చూసే. ఇప్పుడు పెద్దాయనకి అయిదు కొట్టేసరికి లోకానికి నాలుగూ పదకొండు అవుతోంది. పనివాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోతున్నారు. ఓనరు తన చేతి వాచీ చూసుకున్నాడు, పెద్దాయన్ని చూశాడు. ఇద్దరిలో ఎవరు అబద్ధాలకోరో తేల్చుకోడానికి ఆయనకి అరక్షణం పట్టలేదు. నలభయ్యేళ్ల నమ్మకం మరి. వాచీ విప్పి కొట్లోకొచ్చాడు.

"మాస్టారూ, ఇది ముప్పావుగంట వెనకబడింది, కాస్త చూడండి."

గడియారాలాయన వాచీ అందుకున్నాడు. నిజం చెబితే పెద్దాయన్ని సరిచెయ్యాలి, సరిచేస్తే చెయ్యి మళ్లీ అరవైకి పోతుంది. "పెట్టి వెళ్లండి" అన్నాడు. మర్నాడు పొద్దున ఓనరు వచ్చి చూసుకుంటే వాచీ, పెద్దాయన ఒకే టైము చూపిస్తున్నారు. మెచ్చుకుని తీసుకెళ్లాడు. సాయంత్రానికి మళ్లీ పట్టుకొచ్చాడు.

"పొద్దున బాగానే ఉంటుందండీ. ఎండెక్కే కొద్దీ నీరసపడిపోతోంది. మళ్లీ తెల్లారేసరికి తేరుకుంటోంది."

"అలాంటి జబ్బులుంటాయి," అన్నాడు గడియారాలాయన నేల చూపులు చూస్తూ.

అంటువ్యాధి కాబోలు, వారం తిరక్కుండా వీధిలో మిగతా వాచీలకీ అదే వచ్చింది. ప్రెస్సు పక్కన మంగలిది, కళ్లజోళ్లాయనది, బడిపంతులుది. రోజుకో రెండు చొప్పున వచ్చి సొరుగులో చేరాయి. ఏ లోపమూ లేని పదకొండు వాచీలు ఆరోగ్యంగా టిక్కుటిక్కుమంటూ ఆసుపత్రిలో పడుకున్నాయి. ఆయనకి తిండి సయించలేదు. నమలడం నమలడంగానే ఉంది గానీ, మింగుడు పడటం లేదు.

ఒకరోజు కొట్టుకొచ్చిన భార్య కత్తెర కోసం సొరుగు లాగింది.

"ఇవన్నీ ఏ జబ్బుతో వచ్చాయండీ?"

"వాటికేం జబ్బు లేదు."

"మరి ఇక్కడెందుకున్నాయి?"

"జబ్బు నాకు," అని మొత్తం చెప్పేశాడు. ఆవిడ లేచి, గోడకి తిప్పి ఉన్న మామగారి ఫొటోని ఇటు తిప్పింది. అంతకన్నా పెద్ద తిట్టు ఆవిడ దగ్గర లేదు. తరవాత చెప్పుల్లో కాళ్లు పెడుతూ, "రండి, ప్రెస్సుకి పోదాం" అంది.

ప్రెస్సు ఓనరు అంతా విని, వాచీని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అంటే నా వాచీ బాగానే ఉందా?"

"మొదట్నుంచీ బాగానే ఉందండీ."

"మరి మూడుసార్లు మీ దగ్గర పడుకోబెట్టానే దాన్ని! మా ఆవిడ ముందు దాన్ని డొక్కుదన్నానే! అది మా మామగారు పెట్టిన వాచీ మాస్టారూ! ఆ మాట మీద నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు తెలుసా?" అని ఆయాసపడి, కాస్త ఆలోచించి గొంతు తగ్గించాడు. "అయినా, సాధనే అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. అది వెనక్కి నడిచేట్టు చేసుకోకూడదూ? అయిదు కొట్టేసరికి ఆరు అయ్యేట్టు? నాకేం అభ్యంతరం లేదు."

"రచనలో అంత నెమ్మది భాగం లేదండీ."

బయటికొస్తుంటే పనివాళ్ల పెద్ద గుమ్మంలో పట్టుకున్నాడు. చేతులకి సిరా, కళ్లలో దిగులు.

"మాస్టారూ, మాకూ సంగీతమంటే ప్రాణమండీ. పది రోజులే కదా. సాధన ఆపకండి."

కొట్టుకొచ్చి గడియారాలాయన పెద్దాయన ముళ్లు రెండూ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ముళ్లు లేని గడియారం అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదనుకోండి. అద్దంలోంచి ఆ బోడి మొహం చూసి వీధి మూడు రోజులు బెంగపెట్టుకుని, తరవాత అలవాటు పడింది. సాధన సాగింది. నూట ముప్ఫై రెండు ఇప్పుడు కొట్లో నిలబడుతోంది. ఇంకో చిక్కు మాత్రం మిగిలింది. మొదటి దెబ్బకి ముందు చెయ్యి పైకి లేపాలి. ఆ లేపడంలోనే వేగమంతా వాద్యకారులకి తెలిసిపోవాలి. ఈయన లేపితే గోడ మీంచి మేకు పీకుతున్నట్టుండేది.

"చేత్తో చెబితే ఎవరు వింటారండీ," అంది భార్య చూసి చూసి. "నా దగ్గరికి రోజుకి వందమంది వస్తారు. 'ఊపిరి పీల్చండి' అంటే పీలుస్తారు. 'బిగపట్టండి' అంటే బిగపడతారు. కలెక్టరైనా సరే. ఎందుకో తెలుసా? అనే ముందు నేను పీలుస్తాను. అది చూసి వాళ్లకీ వచ్చేస్తుంది. ముందు మీరు పీల్చండి."

ప్రయత్నించాడు. కొట్లో వచ్చింది.

పరీక్షరోజు వచ్చింది. ఆ ఏడు ఈ పేపరుకి తొమ్మిది మంది. గడియారాలాయన వంతు ఆఖరు. ఇంటివాళ్లని వెనక వరసలో కూచోనిస్తారు కాబట్టి భార్య సెలవు పెట్టి వచ్చింది. ఆర్కెస్ట్రా పిల్లలు అదే రచనని పొద్దున్నుంచి ఆరుసార్లు వాయించి భోజనానికి పోయారు. ఖాళీ హాల్లో గడియారాలాయన ఒక్కడే మిగిలాడు. ఒక్కడే అనడానికి లేదు. వేదిక వెనక గోడ మీద ఒక లోలకం గడియారం రెండూ పది దగ్గర ఆగిపోయి ఉంది. దుమ్ము చూస్తే ఆగి ఏళ్లయినట్టుంది.

చూడకూడదనుకున్నాడు. చూశాడు. ముట్టుకోకూడదనుకున్నాడు. జేబులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. స్టూలెక్కి తలుపు తెరిచాడు; లోలకం కొక్కెం జారి ఉంది, అంతే. కొక్కెం సర్ది, దుమ్ము ఊది, చుక్క నూనె వేసి, కీ ఇచ్చి, టైము సరిచేసి దిగాడు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టినంత తృప్తి.

అదేం చేసిందీ తన వంతు వచ్చి వేదికెక్కాక గానీ తెలీలేదు. ఎదురుగా ఆర్కెస్ట్రా. ఆర్కెస్ట్రా తలల మీదుగా, సరిగ్గా ఆయన కళ్లకెదురుగా, గడియారం. టిక్. టిక్. టిక్. నిమిషానికి అరవై. తన గొయ్యి తానే తవ్వుకున్నవాళ్లు లోకంలో ఎందరో ఉన్నారు. తవ్వి, కొలతలు సరిచూసి, నూనె కూడా వేసి దిగినవాడు మాత్రం గడియారాలాయనొక్కడే.

మొదటి సగం ఎప్పట్లాగే దివ్యంగా నడిచింది. గడియారం కూడా సహకరించింది. రెండో సగానికి ముందు చిన్న విరామం. పుల్ల గాలిలో ఆగింది. లేవాలి. లేవలేదు. టిక్. టిక్. పరీక్షకుడు పెన్ను తీశాడు. మేడం కళ్లు మూసుకుంది.

అప్పుడు వెనక వరసలోంచి, ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఎవరూ ధిక్కరించని ఒక గొంతు హాలంతా మోగింది:

"ఊపిరి పీల్చండి!"

ముప్ఫై మంది వాద్యకారులూ పీల్చారు. పరీక్షకులిద్దరూ పీల్చారు. మేడం పీల్చింది. గడియారాలాయన పీల్చాడు. ఆవిడ నోరు నొక్కుకుంది గానీ, లేకపోతే "బిగపట్టండి" కూడా వచ్చేసేదే. ఆ పీల్పుతో పాటు చెయ్యి లేచింది, లేచింది కాబట్టి పడింది. పడగానే ముప్ఫై వాద్యాలూ ఒక్కసారిగా నూట ముప్ఫై రెండులో పరుగందుకున్నాయి.

నాలుగో పేజీ దగ్గర గడియారం పిలిచింది. చెయ్యి ఒక్కక్షణం అటు లాగింది. ఆయన పళ్ల బిగువున గడియారం మీంచి చూపు దించి పిల్లల మీద పెట్టాడు. ఇప్పుడు మూడో ఏడుకొచ్చిన పిల్లలు, పొద్దున్నుంచి ఇది తొమ్మిదోసారి వాయిస్తున్నారు. మొదటి వయొలిన్ అమ్మాయి కాగితం కూడా చూడటం లేదు. క్లారినెట్ కుర్రాడు కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. వాళ్ల వయొలిన్ కమానులు ఒక్క జల్లులా లేచి పడుతుంటే ఈయన చెయ్యి వాటితో పాటు లేచింది, పడింది. ఐదో పేజీ, ఆరో పేజీ, అంటే రెండేళ్లుగా ఆయన పడిపోతున్న చోట్లు, వెనక్కి పోయాయి. ఆఖరి దెబ్బ పడేసరికి ఒళ్లంతా చెమట. ఎక్కడో దూరాన టిక్కుమని వినబడింది.

పరీక్షకులు వెనక వరస వైపు తిరిగి చూశారు. ప్రేక్షకులు పరీక్షలో ఊపిరి గురించి మాట్లాడకూడదన్న నియమం రూల్సులో ఎక్కడా లేదు. వెతికారు కూడా.

వారానికి ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టారు. దంపతులిద్దరూ వెళ్లారు. ఆయన నంబరుంది. ఏడు నిమిషాల రచన ఆర్కెస్ట్రా వాయిస్తుంది. గడియారాలాయన ఆ నంబరు మీద వేలుపెట్టి అలాగే నిలబడిపోయాడు. యాభై ఒక్కేళ్ల అరవైని, పురిటి బుట్టలోంచి వచ్చిన అరవైని, తన చేతులతో తాను నూనె వేసిన అరవైని ఒక మనిషి ఒంటిచేత్తో గెలవడమంటే మాటలా? కాలాన్ని గెలిచామని చెప్పుకున్నవాళ్లు ఉన్నారు గానీ, పేజీ నంబరుతో సహా రుజువు చూపించిన వాళ్లెవరు?

"ఏమండీ, పక్కకి జరగండి, మిగతావాళ్లు చూసుకోవాలి," అంది భార్య.

జరిగాడు. బోర్డు మీద, పరీక్షకి నిలబడ్డ తొమ్మిది మందివీ, తొమ్మిది నంబర్లున్నాయి.